అనుభవం ఉన్నవాడికి భయం వస్తే

(తిరుపతిలో ఆర్టీసీ డ్రైవర్లు, నర్సింగ్, ఇంజనీరింగ్ విద్యార్థులు పాల్గొన్న సభలో ఒక విమాన కెప్టెన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఖాకీ చొక్కాలు కనిపిస్తున్నాయి. ఘాట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా ఇటే వచ్చినవాళ్లు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. చాలా సంతోషం అన్నా. వెనక నర్సింగ్ పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లలు కూర్చున్నారు. మీకూ పనికొచ్చే మాటే చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. కొత్తగా స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడు భయపడ్డాడనుకోండి, మనం ఏమంటాం? ‘పరవాలేదులే నాయనా, కొన్నాళ్లు తోలితే అదే పోతుంది’ అంటాం. మరి సగం జీవితం స్టీరింగ్ వెనకే గడిపిన మనిషికి, ఏ మలుపు ఎక్కడ వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి, ఒక రోజు ఉన్నట్టుండి భయం పట్టుకుంటే? అతనితో ఏమంటాం? ఏమీ అనం. ఎందుకంటే అతను మనకు చెప్పడు. ఇంట్లో చెప్పడు, డిపోలో చెప్పడు. ‘ఇంత సర్వీసు పెట్టుకొని ఇప్పుడు భయమేంది’ అంటారని చెప్పడు. ఈరోజు నేను మాట్లాడేది ఆ మనిషి గురించి. నాకూ అదే జరిగింది కాబట్టి.

నేను ఎయిర్‌బస్ ఏ320 నడుపుతాను. రుతుపవనాల వానలో దించాను, పక్కగాలి తోసేస్తుంటే దించాను, ఉరుముల మేఘాల మధ్య దారి వెతుక్కుంటూ పోయాను. అప్పుడు టెన్షన్ ఉండేది. అది పని చేయించే టెన్షన్. భయం కాదు. భయం వచ్చింది ఎప్పుడో తెలుసా? ఏమీ జరగని రాత్రి.

ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తు. మబ్బు లేదు, కుదుపు లేదు. ఆటోపైలట్ నడుపుతోంది. కింద ఏదో ఊరి దీపాలు. నా పక్కన ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ఇంధనం లెక్క చూసుకుంటున్నాడు. అంత ప్రశాంతంగా ఉన్నప్పుడు, నా వేళ్ల చివర్లు జివ్వుమన్నాయి. పెదాల చుట్టూ తిమ్మిరి. గుండె దడదడ. ఆ వెంటనే ఒక ఆలోచన: ఇంత బరువు ఇంత ఎత్తులో ఎలా నిలబడి ఉంది? దానికి జవాబు నాకు తెలుసు. ఆ జవాబు ఎంతోమందికి పాఠంగా చెప్పాను. కానీ ఆ క్షణంలో ఆ జవాబు నాకు పనికిరాలేదు. కిందంతా ఖాళీ అనిపించింది. కుర్చీలోంచి లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది. ఎక్కడికి పోతాం?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, నర్సింగ్ పిల్లలు జాగ్రత్తగా వినండి. వేళ్లు జివ్వుమనడం, తల తేలిపోవడం, ఆలోచన అదుపు తప్పడం. పైలట్‌కు ఈ లక్షణాలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది భయాన్ని కాదు, ఆక్సిజన్ తగ్గడాన్ని. మన తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. విమానం ముప్పై అయిదు వేల అడుగుల్లో పోతున్నా లోపల గాలి మాత్రం ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, దాదాపు ఊటీలో ఉన్నట్టు. లోపల గాలి పీడనం నిలిపి ఉంచే ఆ ఏర్పాటు చెడిపోయిందంటే అంత ఎత్తులో మనిషికి పనికొచ్చే స్పృహ అర నిమిషం నుంచి ఒక నిమిషం దాకానే ఉంటుంది. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్‌కు బయలుదేరిన హీలియోస్ విమానంలో జరిగింది ఇదే. లోపలి పీడనం సరిచేసే స్విచ్ ఆటోలో ఉండాల్సింది మాన్యువల్‌లో ఉండిపోయింది. పైలట్లు ఇద్దరూ స్పృహ తప్పారు. 121 మంది పోయారు.

అందుకే నేను మొదట మాస్క్ పెట్టుకున్నాను. కాక్‌పిట్‌లో ఉండే మాస్క్ ఒక్క చేత్తో అయిదు సెకన్లలో తగిలించుకునేలా ఉంటుంది. ఫస్ట్ ఆఫీసర్‌నూ పెట్టుకోమన్నాను. క్యాబిన్ ఎత్తు, అంటే లోపలి గాలి ఎంత ఎత్తు కొండ మీది గాలితో సమానమో, అది చూశాను. మామూలుగానే ఉంది. అతనికి ఏమీ లేదు, బాగానే ఉన్నాడు. అంటే తేడా గాలిలో లేదు, నాలో ఉంది. ‘నాకు బాగా లేదు, యూ హావ్ కంట్రోల్’ అన్నాను, అంటే ఇక నువ్వే నడుపు అని. ‘ఐ హావ్ కంట్రోల్’ అన్నాడు. అంతే. ఆ కుర్రాడే విమానాన్ని దించాడు, చక్కగా దించాడు. వెనక కూర్చున్న ప్రయాణికులకు ఏమీ తెలియలేదు.

ఇది నా ధైర్యం కథ కాదు, ఆ పద్ధతి గొప్పతనం. రెండు సీట్లు ఎందుకు పెట్టారు? ఒకరికి బాగా లేకపోతే రెండోవారు ఉండాలని. ఒక పైలట్‌ను రెండుసార్లు పిలిచినా సరైన జవాబు రాకపోతే రెండో పైలట్ అడగకుండానే కంట్రోల్ తీసుకోవాలని మాకు నేర్పిస్తారు. వయసు చూడకూడదు, హోదా చూడకూడదు. మనిషి శరీరం ఎప్పుడైనా మొరాయిస్తుందని ముందే ఒప్పుకొని కట్టిన పద్ధతి అది. నాకు ఆ పద్ధతి మీద అపారమైన గౌరవం.

సరే, ఇంతకీ జరిగిందేమిటి? ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నింది. గుండె వేగం పెరిగింది. తెలియకుండానే శ్వాస వేగమైంది. వేగంగా ఊపిరి తీస్తే ఏమవుతుంది? ఆక్సిజన్ తగ్గదు. బయటకు పోవాల్సిన దానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ పోతుంది. అది తగ్గితే మెదడుకు పోయే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. అందుకే తల తిరుగుతుంది. వేళ్లు జివ్వుమనేది కూడా కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్లే. అది చూసి మనిషి ఇంకా భయపడతాడు. ఇంకా వేగంగా ఊపిరి తీస్తాడు. ఇంకా తల తిరుగుతుంది. ఇంజనీరింగ్ పిల్లలు దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు కదా, అదే.

డాక్టర్లు దీన్ని ప్యానిక్ అటాక్ అంటారు. కాపలా కుక్క దొంగను చూసి మొరగాలి. ఒక్కోసారి పాలవాడిని చూసి మొరుగుతుంది. కుక్కకు పిచ్చి పట్టలేదు, దాని పని అది చేసింది, మనిషిని పోల్చుకోవడంలో తేడా వచ్చింది. లోపల జరిగేదీ అంతే. మొరుగు నిజం, దొంగ లేడు. ప్యానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి తర్వాత తగ్గుముఖం పడుతుంది. చచ్చిపోతానేమో అనిపిస్తుంది. చావరు.

అయితే ఒక జాగ్రత్త. ‘ఇది ప్యానిక్కే’ అని మీకు మీరే తేల్చుకోకండి. గుండెనొప్పికీ దడ ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువైనా దడ ఉంటుంది. షుగర్ పడిపోయినా వణుకు వస్తుంది. లోపలి చెవిలో తేడా ఉన్నా తల తిరుగుతుంది. నాకు ఇవన్నీ పరీక్ష చేసి, ఒక్కొక్కటే కాదని తేల్చుకున్నాకే డాక్టర్ భయం మాట ఎత్తారు.

మరి అన్నేళ్లు రానిది అప్పుడే ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలా వేధించింది. ఆ రోజుల్లో మా నాన్న పోయారు. కర్మలు అయిపోగానే డ్యూటీలో చేరాను. నిద్ర సరిగా లేదు. తెల్లవారుజాము డ్యూటీలు, రాత్రి డ్యూటీలు కలిసి వచ్చాయి. నిద్ర చాలక కాఫీ మీద కాఫీ. కాఫీ ఎక్కువైతే గుండె దడ పెరుగుతుంది. ఇవన్నీ పోగయ్యాయి. కానీ అంతేనా? అదే రోజుల్లో గాలివానలో కూడా నడిపాను కదా, అప్పుడెందుకు రాలేదు?

1957లో అమెరికా నౌకాదళంలో క్లార్క్, గ్రేబీల్ అనే ఇద్దరు పరిశోధకులు 137 మంది పైలట్లతో మాట్లాడారు. బాగా ఎత్తులో ఎగురుతున్నప్పుడు భూమితో సంబంధం తెగిపోయినట్టు, తాము ఎక్కడో విడిగా ఉన్నట్టు ఎప్పుడైనా అనిపించిందా అని అడిగారు. మూడో వంతు మందికి పైగా అవునన్నారు. కొందరికి అది ఆనందంగా ఉందట, కొందరికి భయంగా ఉందట. ఎప్పుడు వచ్చింది అంటే మూడు విషయాలు తేలాయి: ఒంటరిగా ఉన్నప్పుడు, బాగా ఎత్తులో ఉన్నప్పుడు, చేతిలో పెద్దగా పని లేనప్పుడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. గాలివానలో చేతులకు పని ఉంటుంది, కళ్లకు పని ఉంటుంది. ప్రశాంతంగా ఉన్న రాత్రి మనసుకు ఖాళీ దొరుకుతుంది. అణచిపెట్టిందంతా ఆ ఖాళీలోకి వస్తుంది. ఘాట్ అన్నలు తలలూపుతున్నారు. మలుపులో కాదు కదా అన్నా? మలుపు దాటాక, రోడ్డు నేరుగా ఉన్నచోట వస్తుంది కదా?

అంటే ఏమిటి? మనకు పని రాకపోవడం వల్ల వచ్చిన భయం కాదు ఇది. పని ఇంకా చేతుల్లోనే ఉంది. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చరిత్రలో దీన్ని చాలా అన్యాయంగా చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, బ్రిటన్ వాయుసేన ఒక ముద్ర తయారు చేసింది. ఇక ఎగరలేను అన్న వైమానికుడి కాగితాల మీద ‘మనోస్థైర్యం లేదు’ అనే అర్థం వచ్చే ముద్ర వేసేవారు. హోదా తీసేసేవారు, రెక్కల బ్యాడ్జి పీకేసేవారు. వాళ్లలో ఎన్నోసార్లు శత్రువు మీదికి పోయి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. ఆ ముద్ర చూసి మిగతావాళ్లు ఏం నేర్చుకున్నారు? ధైర్యం నేర్చుకోలేదు. దాచడం నేర్చుకున్నారు. ఆ దాచే అలవాటు ఇంకా పోలేదు. మా వృత్తిలోనూ పోలేదు, మీ వృత్తిలోనూ పోలేదు.

నేను దిగగానే అన్‌ఫిట్ అని రాసిచ్చాను. బాగా లేని పైలట్ ఎగరకూడదు, అది నియమం. రాసేటప్పుడు చెయ్యి బరువెక్కింది. మా మెడికల్ పరీక్ష ఏడాదికోసారి ఉంటుంది, అరవై దాటితే ఆరు నెలలకోసారి. దాని మీదే లైసెన్స్, లైసెన్స్ మీదే ఇల్లు. ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. ఆమె ‘బువ్వ తినినావా’ అని అడిగింది, అంతే. ఇంకేమీ అడగలేదు. మా ఆవిడ మాత్రం సూటిగా అడిగింది: ‘భయం వేసింది కుర్చీకా, ఎత్తుకా, లేక మళ్లీ అట్లా అవుతుందేమోననా?’ ఆలోచిస్తే మూడోదే. విమానం కూలుతుందన్న భయం కాదు, ఆ భయం మళ్లీ వస్తుందేమోనన్న భయం. తర్వాత సైకాలజిస్ట్ దగ్గర జరిగిన పనంతా ఈ మూడో దాని మీదే.

ఆ పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కౌన్సెలింగ్ అంటే కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారని చాలామంది అనుకుంటారు. కాదు. నన్ను గదిలో తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు. సన్నని స్ట్రా నోట్లో పెట్టి, ముక్కు మూసి, దాంట్లోంచే ఊపిరి తీయమన్నారు. ఒక నిమిషం పాటు కావాలనే వేగంగా ఊపిరి తీయమన్నారు. అప్పుడేమైంది? ఆ రాత్రి వచ్చినవే, అదే జివ్వుమనడం, అదే తల తిరగడం, నేలమీద, పట్టపగలు, నా చేతులారా తెప్పించుకున్నాను. వచ్చింది, ఉంది, పోయింది. మళ్లీ తెప్పించుకున్నాను. మళ్లీ పోయింది. ఈ లక్షణాలు ప్రమాదం కాదని మెదడుకు మాటలతో చెబితే వినదు, చేసి చూపిస్తే వింటుంది. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం ఇది ఇంట్లో చేయకండి. డాక్టర్ చూశాకే చేయాలి.

రెండోది, తప్పించుకోవడం మానాలి. భయం వేసిన చోటు నుంచి పారిపోతే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం. పారిపోయాను కాబట్టే బతికాను అని మెదడు రాసుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకా ముందే వస్తుంది. మొదట విమానం, తర్వాత లిఫ్ట్, తర్వాత బస్సు, చివరికి ఇల్లు దాటని మనుషులు ఉన్నారు.

అందుకని మెట్టుమెట్టుగా పోయాం. మొదట రేణిగుంట ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కూర్చొని దిగే విమానాలు చూశాను. తర్వాత రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు ప్రయాణికుడిగా పోయాను. అది నాకు కాక్‌పిట్ కంటే కష్టమైంది. మీలో ఎవరైనా వేరేవాళ్లు తోలే బస్సులో సుఖంగా కూర్చోగలరా? కూర్చోలేరు కదా. కాలు తనకు తానే బ్రేక్ తొక్కుతుంది. కిటికీ సీటు తీసుకోమన్నారు. చెవుల్లో పాటలు వద్దన్నారు, నిద్రమాత్ర వద్దన్నారు, పక్కవాళ్లతో కబుర్లు పెట్టుకొని మరిపించుకోవద్దన్నారు. భయం వస్తే రానివ్వు, కూర్చో, చూడు అన్నారు. శేషాచలం కొండల మీద ఎండపూట గాలి పైకి లేస్తుంది, విమానం కాస్త ఊగుతుంది. ఊగింది. నేను సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాను. తర్వాత వదిలాను.

విమానమంటే భయపడే మామూలు ప్రయాణికులకు కూడా ఇక్కడ ఒక మాట. కుదుపుల్లో రెక్క ఊగడం చూసి బెదరకండి, అది ఊగాలనే చేశారు. 2010లో బోయింగ్ 787 రెక్కలను పరీక్షలో పైకి వంచారు. ఎగిరేటప్పుడు ఎదురయ్యే అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు పెట్టారు. రెక్క కొస దాదాపు 25 అడుగులు పైకి వంగింది, విరగలేదు. కుదుపుల్లో నిజంగా దెబ్బలు తగిలేది బెల్టు పెట్టుకోని వాళ్లకు. బెల్టు పెట్టుకోండి.

తర్వాత సిమ్యులేటర్, అంటే నేలమీదే విమానం నడుపుతున్నట్టు ఉండే శిక్షణ యంత్రం. రాత్రి, ముప్పై అయిదు వేల అడుగులు, ఏమీ జరగనట్టు పెట్టమన్నాను. ఇన్‌స్ట్రక్టర్ వింతగా చూశాడు, ఎందుకంటే సిమ్‌లో అందరూ ఇంజన్ ఫెయిల్యూర్‌లే ప్రాక్టీస్ చేస్తారు. నాకు కావలసింది ఫెయిల్యూర్ కాదు, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కూర్చొని, వేగంగా ఊపిరి తీసి కావాలనే దడ తెప్పించుకొని, దడతోనే రేడియోలో మాట్లాడాను, దడతోనే చెక్‌లిస్ట్ చదివాను. దడ ఉన్నా పని జరుగుతుందని నాకు తెలిసింది అక్కడే. ఆ తర్వాత డాక్టర్ల పరిశీలన, ట్రైనింగ్ కెప్టెన్‌తో లైన్ ఫ్లైట్లు, అంటే ప్రయాణికులతో నడిచే మామూలు ఫ్లైట్లు, మళ్లీ నా సీటు. భయం మళ్లీ రాలేదా? వచ్చింది. ఊపిరి మెల్లగా వదిలాను, తీసుకునే దానికంటే ఎక్కువసేపు వదిలాను, పక్కన ఉన్నతనికి చెప్పాను, పని చేసుకున్నాను. పోయింది. ఇప్పుడు వస్తే వస్తుంది.

ఇక ఖాకీ అన్నలతో. మీకు నాలాగా పక్క సీట్లో ఇంకో డ్రైవర్ ఉండడు, ఆ తేడా పెద్దది. అందుకే తల తిరిగినా, ఛాతీ బిగిసినా, బండి నెమ్మది చేసి, ఆపదగిన చోట ఆపండి. దిగేటప్పుడైతే తక్కువ గేర్‌లోనే ఉంచి ఆపండి. కండక్టర్‌కు చెప్పండి. కంట్రోలర్‌కు ఫోన్ చేయండి. ఆలస్యమైతే భక్తులు సణుగుతారు, సణగనీయండి. ఇంకొకటి, దయచేసి ఆందోళన మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొని మింగి బండెక్కకండి. వాటిలో చాలావరకు మత్తు తెస్తాయి, చేతి వేగం తగ్గిస్తాయి. మద్యం తాగి నిద్రపోవడమూ అంతే, తెల్లారేసరికి దడ రెట్టింపవుతుంది. డాక్టర్ రాసిచ్చిన మందైతే ‘నేను డ్రైవర్‌ను’ అని ముందే చెప్పి రాయించుకోండి. డాక్టర్ దగ్గరికి పోవడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ అన్న చెయ్యెత్తారు. చెప్పండన్నా. ‘చెబితే ఘాట్ డ్యూటీ తీసేస్తే? పేరు పోతే?’ అంటున్నారు. సరైన ప్రశ్న. ఇన్ని మాటల తర్వాత కూడా అందరి మనసులో ఉండేది ఈ ప్రశ్నే. దీనికి జవాబు మీ దగ్గర లేదన్నా, అక్కడ కుడివైపు కూర్చున్న అధికారుల దగ్గర ఉంది. అందుకే వాళ్లకే చెబుతాను.

సార్, 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలటే ఆల్ప్స్ కొండలకు గుద్దించాడు. 150 మంది పోయారు. అతనిది నాకు వచ్చినలాంటి భయం కాదు, తీవ్రమైన మానసిక అనారోగ్యం. డ్యూటీ చేయకూడదని డాక్టర్లు రాసిచ్చిన కాగితాలు అతను కంపెనీకి ఇవ్వలేదు, దాచాడు. ఆ తర్వాత యూరప్‌లో ఏం చేశారు? శిక్షలు పెంచి ఊరుకోలేదు. ప్రతి విమాన సంస్థలోనూ పైలట్ బాధను ముందు ఇంకో పైలటే వినే ఏర్పాటు తప్పనిసరి చేశారు. 2018లో నియమం రాశారు, 2021 నుంచి అమలైంది. దాచిన జబ్బే ప్రమాదం, చెప్పిన జబ్బు కాదు అని వాళ్లు ఒప్పుకున్నారు.

మీ డిపోలోనూ అది చేయండి. సీనియర్ డ్రైవర్లలో ఇద్దరిని, అందరూ నమ్మేవాళ్లను ఎంచుకొని, వినడం ఎలాగో వాళ్లకు శిక్షణ ఇప్పించండి. వాళ్లతో చెప్పుకున్న మాట డ్యూటీ రిజిస్టర్‌లోకి ఎక్కకూడదు. ఘాట్ కొన్నాళ్లు వద్దన్న డ్రైవర్‌కు కాళహస్తి రోడ్డో, నేల మీద ఇంకే రూటో ఇవ్వండి, జీతం తగ్గించకుండా ఇవ్వండి. ఎన్నాళ్లకు తిరిగి ఘాట్ ఎక్కవచ్చో డాక్టర్ చెప్పాలి. మొదటి ట్రిప్పులకు పక్కన ఇంకో ఘాట్ డ్రైవర్‌ను కూర్చోబెట్టి పంపండి. ఇది రేపటి రోస్టర్ నుంచే మొదలుపెట్టవచ్చు సార్.